అభిషేక తైలం గీసే గిరి: ప్రాచీన ఇశ్రాయేలు ఆరాధనలో ప్రతిష్ఠ

అభిషేకం అనగానే తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేది దేవుడి మీద పాలు, తేనె, పంచామృతం పోయడం. అది రోజూ జరగొచ్చు, పర్వదినాన జరగొచ్చు, మళ్లీ మళ్లీ జరగొచ్చు. ప్రాచీన ఇశ్రాయేలీయుల ఆరాధనలో ఇదే పేరుతో పిలిచే క్రియ నడిచే దిక్కే వేరు. అక్కడ దేవుడి మీద నూనె పోయరు. పోయడానికి ప్రతిమే లేదు. దేవుడి సన్నిధికి వెళ్లే మనిషి మీద, ఆ సన్నిధిలో ఉండే వస్తువుల మీద పోస్తారు. ప్రతిష్ఠ సమయంలో పోసిన ఆ నూనెతో మనిషైనా పాత్రైనా మామూలు వాడకం నుంచి శాశ్వతంగా తప్పుకున్నట్టే. అభిషేకమంటే శక్తి దిగడమనీ, గౌరవం దక్కడమనీ, ఆశీర్వాదం కుమ్మరించడమనీ ప్రసంగాల్లో వినిపిస్తుంటుంది. ధర్మశాస్త్రంలోని (బైబిలు మొదటి ఐదు పుస్తకాలు) యాజక గ్రంథభాగాలను, అంటే యాజకుల (పూజారుల) పనులు చెప్పే భాగాలను, వరసగా చదివితే మాత్రం ముందు కనిపించేది గిరి గీయడం. ఆ గిరి లోపలికి వెళ్లినవాడికి దొరికినవి కొన్ని, పోయినవి చాలా.

నూనె, దాని కొలతలు

నిర్గమకాండము 30:22–33లో తైలం వివరమంతా ఉంది. దానంతట అదే కారే శ్రేష్ఠమైన గోపరసం (బోళం) 500 షెకెళ్లు, సువాసనగల దాల్చినచెక్క 250, సువాసనగల ఒక రకం కాడ 250, దాల్చిన జాతిదే అయిన కాసియా చెక్క 500, వీటికి ఒక హీను ఒలీవ నూనె. యూదా ప్రాంతపు తవ్వకాల్లో బయటపడ్డ తూనికరాళ్లను బట్టి షెకెలు సుమారు 11.3 గ్రాములు. తెలుగు బైబిలు దీన్ని తులం అంది. మన పాత తులం 11.66 గ్రాములు కాబట్టి ఆ లెక్కతో చదువుకున్నా పెద్ద తేడా రాదు. అంటే గోపరసం, కాసియా చెరి 5.6 కిలోల పైచిలుకు, మిగతా రెండూ చెరి 2.8 కిలోలు, అంతా కలిపి దాదాపు 17 కిలోలు. హీను పరిమాణం మీద అంచనాలు మూడున్నర లీటర్ల నుంచి ఆరు లీటర్ల దాకా ఉన్నాయి.

చిక్కు ఇక్కడే ఉంది. పదిహేడు కిలోల చెక్కలనూ జిగురునూ దంచి నాలుగైదు లీటర్ల నూనెలో కలిపితే పోయడానికి నూనె మిగలదు. పొడి మొత్తం పీల్చేసుకుని ముద్దవుతుంది. ఈ కొలతలు అక్షరాలా పాటించి ఇంట్లో చేసి చూసినవాళ్లకు ఎదురయ్యే మొదటి వైఫల్యం ఇదే. మూలపాఠం మాత్రం కలిపేయమని ఊరుకోలేదు, పరిమళద్రవ్యాలు చేసేవాడి పనితనంతో చేయమంది. ఆ పనితనం ఎలాంటిదో అష్షూరు నగరంలో దొరికిన మధ్య అస్సీరియా కాలపు మట్టిపలకలు చూపిస్తాయి. క్రీ.పూ. 13వ శతాబ్దం ప్రాంతపు ఆ పలకల్లో తప్పుటి అనే పరిమళకారిణి పేరు కూడా ఉంది. సుగంధద్రవ్యాన్ని వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టడం, గుడ్డతో వడగట్టడం, మళ్లీ కొత్త ద్రవ్యం వేయడం, చివరికి నూనె చేర్చి కాచడం, పైకి తేలిన నూనెను తీయడం. ఆ పలకల్లో కనిపించేది ఇలాంటి పద్ధతి. నూనెలోకి రావలసింది చెక్క కాదు, దాని సారం.

యూదు ధర్మచర్చల సంకలనమైన తల్మూదులోని పండితులకూ ఇదే అనుమానం వచ్చింది. సుగంధ మొక్కల వేళ్లను నూనెలోనే ఉడకబెట్టారని ఒక రబ్బీ (యూదు ధర్మగురువు) అంటే, ఆ కాస్త నూనె వేళ్లకు పూయడానికే చాలదు కదా అని మరొకరు అడ్డుతగిలారు. ఆయన చెప్పిన దారి: వేళ్లను ముందు నీళ్లలో నానబెట్టారు, పైన నూనె పోశారు, నూనె వాసన పట్టుకున్నాక తేర్చి తీశారు. అస్సీరియా పలకల పద్ధతికి ఇది చాలా దగ్గర.

ద్రవ్యాల గుర్తింపులో ఒకటే నిజంగా తేలనిది, ఆ సువాసన కాడ. కొందరు వస అంటారు, కొందరు వాసనగల గడ్డిజాతి అంటారు. తెలుగు అనువాదకులు నిమ్మగడ్డి వైపు మొగ్గారు. అది గంజాయి అని అంతర్జాలంలో తరచూ తిరిగే వాదన ఒకటుంది. దానికి ఊతంగా ప్రాచీన యూదా రాజ్యపు అరాదు కోటలోని గుడిలో దొరికిన ఆనవాళ్లను చూపిస్తారు. 2020లో ప్రచురితమైన ఆ పరిశీలనలో చిన్న బలిపీఠం మీద గంజాయి అవశేషం కనబడ్డ మాట నిజమే. కానీ అది పశువుల పేడతో కలిపి కాల్చినది. అభిషేక తైలానికీ దానికీ ముడి లేదు.

ఈ ద్రవ్యాలు ఏవీ విడివిడిగా పవిత్రమైనవి కావు. సామెతలు 7:17లో పరాయి స్త్రీ తన పరుపు మీద చల్లుకున్న వాటిలో బోళం ఉంది, దాల్చినచెక్క ఉంది. ఖరీదైన దిగుమతి సరుకే, కానీ పడకగదిలో వాడే సరుకే. నిషేధం ఉన్నది ఆ పాళ్లలో, ఆ పనికోసం చేసిన మిశ్రమానికి. అలాంటిది చేసినా, దాన్ని బయటివాడి మీద పూసినా జనంలో నుంచి కొట్టివేయబడతాడని ఆజ్ఞ. తల్మూదుకు మూలమైన నియమసంపుటి మిష్నాలో కేరితోత్ అనే భాగపు మొదటి అధ్యాయం ఈ శిక్షకు తగిన 36 అపరాధాలను లెక్కిస్తూ, తైలాన్ని తయారు చేయడాన్నీ పూసుకోవడాన్నీ వేర్వేరుగా చేర్చింది. నేర్చుకోవడానికి చేసినవాడికి మాత్రం ఆ శిక్ష లేదని తల్మూదు మినహాయింపు ఇచ్చింది. తప్పు వాసనలో లేదు. ఒకే పనికి కేటాయించినదాన్ని బజారుకు ఈడ్చడంలో ఉంది.

రక్తం చేసేది, నూనె చేసేది

ప్రతిష్ఠ క్రమం లేవీయకాండము 8లో ఉంది. దానికి ముందస్తు ఆజ్ఞ నిర్గమకాండము 29. ఇశ్రాయేలీయుల నాయకుడు మోషే, మొదటి ప్రధాన యాజకుడు కాబోయే తన అన్న అహరోనునూ అతని కొడుకులనూ నీళ్లతో కడుగుతాడు. అహరోనుకు చొక్కా, దట్టి, నిలువుటంగీ, ఏఫోదు (పైన కట్టుకునే యాజక వస్త్రం), పతకం, పాగా, నుదుటి మీద బంగారు రేకు వరసగా తొడుగుతాడు. అప్పుడు తైలం తీస్తాడు. ముందు ఆరాధన జరిగే గుడారానికీ అందులోని సమస్తానికీ, తర్వాత బలిపీఠం మీద ఏడుసార్లు చిలకరింపు, దాని ఉపకరణాలు, గంగాళం, దాని పీట. వస్తువులన్నీ అయ్యాక గాని మనిషి వంతు రాదు. అప్పుడు కూడా తల మీద పోసేది ఒక్క అహరోనుకే. 133వ కీర్తనలో గడ్డం మీదుగా అంగీ అంచుదాకా కారే నూనె ఇదే.

ఆ తర్వాత బలులు. పాపపరిహారార్థబలి కోడె రక్తాన్ని మోషే వేలితో బలిపీఠపు కొమ్ములకు పూసి, మిగిలింది అడుగున పోస్తాడు. కొవ్వు పీఠం మీద కాలుతుంది. చర్మం, మాంసం, పేడ పాళెం వెలుపల కాలిపోతాయి. రెండోది దహనబలి పొట్టేలు. మూడోది ప్రతిష్ఠ పొట్టేలు, అసలు ఘట్టం అక్కడే. దాని రక్తం అహరోను కుడి చెవికొనకు, కుడిచేతి బొటనవేలికి, కుడికాలి బొటనవేలికి పూస్తారు. కొడుకులకూ అలాగే. తర్వాత కొవ్వు, కుడి తొడ, వాటి మీద గంపలోంచి తీసిన మూడు రకాల పులియని పిండివంటలు వాళ్ల అరచేతుల్లో పెట్టి అల్లాడిస్తారు. ఇకపై ఈ చేతుల్లోకి ఏం వస్తుందో, వచ్చింది ఎటు పోతుందో అక్కడ తేలిపోతుంది. ఆపైన పీఠం మీది రక్తాన్నీ తైలాన్నీ కలిపి మనుషుల మీద, బట్టల మీద చిలకరిస్తారు. నిర్గమకాండము ఈ చిలకరింపును చేతుల్లో పెట్టే ఘట్టానికి ముందుంచింది. లేవీయకాండము తర్వాతకి జరిపింది. క్రమం వేరైనా చివరికి చేరేచోటు ఒక్కటే.

రక్తం, నూనె రెంటినీ ఎందుకు వాడారు? యాజకుల పని ఏమిటో లేవీయకాండము 10:10 ఒక్క వాక్యంలో చెబుతుంది: ప్రతిష్ఠితమైనదాన్నీ మామూలుదాన్నీ, అపవిత్రమైనదాన్నీ పవిత్రమైనదాన్నీ వేరుచేయడం. ఇవి రెండు వేర్వేరు గీతలు. అంటు తగిలిన వస్తువు ముందు శుద్ధి కావాలి. శుద్ధి అయినంత మాత్రాన అది దేవుడిదైపోదు, మామూలు శుభ్రమైన వస్తువు అవుతుంది, అంతే. అక్కడి నుంచి దేవుడి సొత్తు కావడం ఇంకో మెట్టు. మొదటి మెట్టు స్థూలంగా రక్తానిది, రెండోది నూనెది. అందుకే నూనె మాలిన్యాన్ని కడగదు. పాపం చేసినవాడికి నూనె రాస్తే పాపం పోతుందనే ఊహకు ఇక్కడ ఆధారం లేదు. గీత అన్నిచోట్లా ఇంత నున్నగా ఉండదు, నిజమే. లేవీయకాండము 8:15లో రక్తం పీఠాన్ని శుద్ధి చేయడంతోపాటు ప్రతిష్ఠిస్తుంది కూడా. యెహెజ్కేలు 43లోని బలిపీఠ ప్రతిష్ఠలో ఏడు రోజుల రక్తముంది, ఉప్పుంది, తైలం మాటే లేదు. సొలొమోను మందిర ప్రతిష్ఠ కథనం (1 రాజులు 8)లోనూ పీఠానికి నూనె పూసిన ప్రస్తావన లేదు. నూనె లేకపోతే పరిశుద్ధతే లేదన్నంత యాంత్రికంగా వాళ్లు ఆలోచించలేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

నూనెను ఎక్కడ నిరాకరించారో చూస్తే దాని అర్థం ఇంకాస్త తేటపడుతుంది. మామూలు నైవేద్యపు పిండిలో నూనె, సాంబ్రాణి ఉంటాయి. పేదవాడు పాపపరిహారానికి తెచ్చే ఏఫాలో (ధాన్యపు కొలత) పదోవంతు పిండిలో ఆ రెండూ ఉండకూడదు (లేవీయకాండము 5:11). భర్త అనుమానించిన స్త్రీ కోసం తెచ్చే యవల పిండిలోనూ ఉండకూడదు (సంఖ్యాకాండము 5:15). దుఃఖంలో ఉన్నవాళ్లు నూనె పూసుకోరు. తెకోవ ఊరి స్త్రీని దుఃఖిస్తున్నదానిలా నటించమని రాజు దావీదు దగ్గరికి పంపుతూ సేనాపతి యోవాబు చెప్పిన జాగ్రత్తల్లో అదీ ఒకటి (2 సమూయేలు 14:2). నూనె సంతోషానికి, నిండుదనానికి గుర్తు. నింద, దోషం, చావు ఉన్నచోట దానికి తావు లేదు.

కుష్ఠు నుంచి బాగుపడినవాడి శుద్ధి (లేవీయకాండము 14) ఈ మొత్తానికి అద్దం. అక్కడా కుడి చెవికొన, కుడి బొటనవేళ్లు. అక్కడా రక్తం మీద నూనె, ఏడుసార్లు చిలకరింపు, మిగిలింది తల మీద. ఏడు రోజుల నిరీక్షణ, ఎనిమిదో రోజు ప్రవేశం. తేడా ఏమిటంటే ఆ నూనె సుగంధ తైలం కాదు, ఒక లోగు మామూలు ఒలీవ నూనె. హీనులో 12వ వంతు. యాజకుడు మామూలు జనంలోంచి గుడారంలోకి, రోగి పాళెం వెలుపలి నుంచి మామూలు జనంలోకి. ఇద్దరూ ఒక గడప దాటుతున్నారు. ఆ గడప దగ్గర చేసే పని ఒకటే. రోగి పేదవాడైతే గొర్రెల సంఖ్య తగ్గించి పావురాలతో సరిపెట్టుకోవచ్చు. అపరాధపరిహారపు గొర్రెపిల్లా లోగు నూనే మాత్రం తగ్గవు. ఏది తప్పనిసరో ఆ తగ్గింపు జాబితానే చెబుతోంది.

ఇక అంటుకునే గుణం. తైలం పూసిన వస్తువులకు ఏది తగిలినా ప్రతిష్ఠితమవుతుందని నిర్గమకాండము 30:29. వినడానికి వరంలా ఉంటుంది, ఆచరణలో ఇది ప్రమాదం. మామూలుగా తినాల్సింది ఇక తినడానికి లేదు, ఇంటికి తీసుకెళ్లడానికి లేదు. ప్రతిష్ఠ భోజనంలో మిగిలిన మాంసం, రొట్టె తెల్లవారేసరికి కాల్చేయాలి. ఈ సోకుడుకు హద్దు ఎక్కడో క్రీ.పూ. 520లో ప్రవక్త హగ్గయి యాజకులను అడిగాడు. ప్రతిష్ఠిత మాంసాన్ని కట్టుకున్న బట్టచెంగు రొట్టెకు తగిలితే రొట్టె ప్రతిష్ఠితమవుతుందా? కాదన్నారు. శవాన్ని ముట్టినవాడు తగిలితే అపవిత్రమవుతుందా? అవుతుందన్నారు. పరిశుద్ధత ఒక చెయ్యి మారేసరికి ఆగిపోతుంది, అంటు ఆగదు.

పోసుకున్నవాడు చెల్లించేది

ఏడు రోజుల ప్రతిష్ఠ ముగిసి, ఎనిమిదో రోజు దేవుడి సన్నిధి నుంచి అగ్ని దిగి బలిని దహించింది. వెంటనే అహరోను కొడుకులు నాదాబు, అబీహు ఆజ్ఞాపించని అగ్నిని ధూపార్తుల్లో తెచ్చి చనిపోయారు. అన్న ఏ పొరపాటు చేశాడు, తమ్ముడు తాగి ఉన్నాడా అని వ్యాఖ్యాతలు తవ్వుతూనే ఉన్నారు. అంతకంటే గమనించాల్సింది తర్వాతి మాట. తండ్రికి, మిగిలిన ఇద్దరు కొడుకులకు మోషే చెప్పింది: తల విరియబోసుకోవద్దు, బట్టలు చింపుకోవద్దు, గుడారపు ద్వారం దాటవద్దు, యెహోవా అభిషేక తైలం మీ మీద ఉంది (లేవీయకాండము 10:6–7). శవాలను బయటికి మోసింది దాయాదులు. లేవీయకాండము 21:10–12 దీన్ని ప్రధాన యాజకుడికి నిత్య నియమం చేసింది. తల్లి చనిపోయినా, తండ్రి చనిపోయినా శవం దగ్గరకు పోకూడదు. కారణం మళ్లీ అదే, తల మీద పోసిన తైలం. సాధారణ యాజకులకు దగ్గరి బంధువుల విషయంలో ఉన్న సడలింపు ఆయనకు లేదు.

ఇదంతా జరిపించిన మోషే మీద ఎవరూ నూనె పోయలేదు. ప్రతిష్ఠ పొట్టేలు బోర (రొమ్ము మాంసం) మాత్రం ఆయన వాటాకు వచ్చింది. ఆయన గిరి గీసినవాడు, గిరిలో ఉండిపోయినవాడు కాదు.

కొడుకుల సంగతిలో పాఠాల మధ్య సర్దుకోని తేడా ఒకటుంది. నిర్గమకాండము 40:15 తండ్రిని అభిషేకించినట్టే కొడుకులనూ అభిషేకించమంటుంది. లేవీయకాండము 8లో వాళ్లకు దక్కింది చిలకరింపు మాత్రమే. ‘అభిషిక్తుడైన యాజకుడు’ అనే మాటను లేవీయకాండము 4 ప్రధాన యాజకుడికే వాడింది. యాజక గ్రంథభాగాలు ఒక్క చేతి రాత కాదని చెప్పే పండితులు ఈ తేడాను తరచూ ముందుకు తెస్తారు.

రాజుల అభిషేకం దీనికి పక్క దారి. మొదటి రాజు సౌలుకు ప్రవక్త సమూయేలు బుడ్డితో పోశాడు, దావీదుకు కొమ్ముతో. దావీదు కొడుకు సొలొమోను కోసం యాజకుడు సాదోకు గుడారంలోని తైలపు కొమ్మునే గీహోను ఊట దగ్గరికి తెచ్చాడు. తర్వాతి కాలపు రాజు యెహూకు ప్రవక్త శిష్యుడొకడు లోపలి గదిలో నూనె పోసి, తలుపు తీసుకుని పారిపోయాడు. దావీదుకు మూడుసార్లు జరిగింది: బేత్లెహేములో సమూయేలు చేత, హెబ్రోనులో యూదావారి చేత, తర్వాత ఇశ్రాయేలు పెద్దల చేత. యాజకుడి విషయంలో ఇలాంటిది ఊహించలేం. రాజు విషయంలో నూనె ఒక ఒడంబడిక, జనం కూడా చేయగలిగింది. రాజు కొడుకు రాజైతే అభిషేకం అక్కర్లేదని, తగాదా ఉన్నప్పుడే చేస్తారని రబ్బీల లెక్క. అన్న అదోనీయా పోటీ వల్ల సొలొమోనుకు, సింహాసనం లాక్కున్న అతల్యా వల్ల యోవాషుకు, అన్న యెహోయాకీము వల్ల యెహోయాహాజుకు. ఐగుప్తు ఫరోల రాజకీయ ఉత్తరాలైన అమర్నా లేఖల్లో 51వది ఈ రాజకీయ కోణాన్ని ఇంకా ముందు కాలంలోనే చూపిస్తుంది. సిరియాలోని నుహష్షే రాజు తన పూర్వీకుడి తల మీద ఐగుప్తు ఫరో నూనె పోసి రాజును చేశాడని ఆ లేఖలో గుర్తుచేస్తాడు. యూఫ్రటీసు ఒడ్డునున్న ఎమారులో తుఫాను దేవుడి ప్రధాన యాజకురాలి తల మీద నూనె పోసే ఉత్సవక్రమం కూడా క్రీ.పూ. 13వ శతాబ్దానిదే. అంటే తల మీద నూనె ఇశ్రాయేలు కనిపెట్టింది కాదు. ఆ నూనెకు పాళ్లు బిగించి, బయటివాడికి నిషేధించి, గుడారపు సామాను నుంచి మనిషి దాకా ఒకే తైలంతో ముడివేయడంలోనే వాళ్ల ప్రత్యేకత కనిపిస్తుంది.

రాజు అభిషిక్తుడే, కానీ గుడారం లోపలికి కాదు. సౌలు మీద చెయ్యి వేయడానికి దావీదు రెండుసార్లు జంకింది అతను యెహోవా అభిషిక్తుడనే. అదే అభిషేకం ఉజ్జియాను కాపాడలేదు. ధూపం వేయడానికి మందిరంలోకి వెళ్లిన ఆ రాజుకు నుదుట కుష్ఠు లేచిందని 2 దినవృత్తాంతములు 26 చెబుతుంది. ప్రధాన యాజకుడు బంగారు రేకు కట్టుకునేది సరిగ్గా ఆ నుదుటనే.

తైలం లేని కాలం

బబులోను చెర తర్వాత యెరూషలేములో తిరిగి కట్టిన రెండో మందిరం నాటికి ఈ తైలం లేదు. రాజు యోషీయా దాన్ని మందసంతోనూ (ఆజ్ఞల పలకలున్న పెట్టె) మన్నా (ఎడారిలో దొరికిన ఆహారం) పాత్రతోనూ కలిపి దాచేశాడని యూదు సంప్రదాయం. తిరిగి తయారుచేయడానికి కొలతలు గ్రంథంలోనే ఉన్నా ఎవరూ ఆ పని చేయలేదు. మోషే చేసిన ఆ ఒక్క హీనే తరతరాలకూ అన్నది రబ్బీల నమ్మకం. ప్రధాన యాజకుడు ఎనిమిది వస్త్రాలు తొడుక్కోవడంతోనే పదవిలోకి వచ్చేవాడు. నూనెతో వచ్చినవాడికీ బట్టలతో వచ్చినవాడికీ తేడా ఎంత అన్న ప్రశ్నకు మిష్నా హోరాయోత్ 3:4 జవాబు చాలా పొదుపైనది: ఆజ్ఞల విషయంలో పొరబడినప్పుడు తేవలసిన కోడె ఒక్కటే. ఆ ప్రత్యేకమైన కోడెను తెచ్చేది తైలం పోసుకున్నవాడే. ప్రాయశ్చిత్త దినపు కోడె, రోజూ అర్పించే ఏఫాలో పదోవంతు పిండి ఇద్దరికీ సమానం.

పాత్రల విషయంలోనూ ఇలాగే తేల్చారు. మోషే చేసిన పాత్రలను తైలం ప్రతిష్ఠించింది. తర్వాతి తరాల్లో కొత్తగా చేసిన గిన్నె, గరిటె, పళ్లెం ఏదైనా సరే, మొదటిసారి సేవలో వాడటమే దానికి ప్రతిష్ఠ అని తల్మూదులోని షెవుయోత్ భాగం నిర్ణయం.